మేనేజర్ వ్యూహంలో ఆటగాడి వాటా

ఫుట్‌బాల్‌లో వ్యూహం మేనేజర్ పేరు మీదే నడుస్తుంది. పదకొండు మందిని ఎంచేది, ఎవరు ఎక్కడ ఆడాలో చెప్పేది, వరసగా ఓడితే ఉద్యోగం పోగొట్టుకునేది అతనే. క్రికెట్‌కు అలవాటుపడిన పాఠకులకు ఇది కొంత వింతగా తోస్తుంది. అక్కడ ఫీల్డర్లను సర్దేదీ, బౌలర్‌ను మార్చేదీ కెప్టెన్. ఫుట్‌బాల్ కెప్టెన్‌కు టాస్‌ను మించి నియమాలు ఇచ్చిన అధికారం దాదాపు ఏమీ లేదు. అయితే ఆట మొదలయ్యాక మేనేజర్ చేతిలో మిగిలేదీ తక్కువే. వాలీబాల్‌లో, కబడ్డీలో ఉన్నట్టు టైమ్-అవుట్ అడిగే వీలు లేదు. ఒక్కో సగం నలభై అయిదు నిమిషాలు ఏకధాటిగా సాగుతుంది. గీత పక్కన నిలబడి అతను అరిచే మాటలు స్టేడియం హోరులో సగం వినపడవు. కాబట్టి ఎంత పట్టుదల గల మేనేజర్ అయినా తన ఆలోచనను ఆటగాళ్ల చేతిలో పెట్టి పక్కకు తప్పుకోవలసిందే.

ఆటగాళ్ల ప్రభావం అనగానే డ్రెస్సింగ్ రూమ్ గొడవలు గుర్తొస్తాయి. కానీ అన్నిటికంటే బలమైన ప్రభావం నోరు విప్పకుండానే పనిచేస్తుంది. ఫలానా ఆటగాడు జట్టులో ఉన్నాడంటేనే కొన్ని వ్యూహాలు సాధ్యమవుతాయి, కొన్ని మూలపడతాయి. ఇటలీకి చెందిన కార్లో అన్చెలొట్టి ఈ పాఠాన్ని నష్టపోయి నేర్చుకున్నాడు. మిలాన్‌లో అర్రీగో సాక్కి దగ్గర ఆడి, తర్వాత ఇటలీ జట్టులో ఆయనకే సహాయకుడిగా పనిచేసినవాడు కనుక, 1996లో పార్మా మేనేజర్ అయ్యేసరికి 4-4-2 అమరిక అతనికి తిరుగులేని సూత్రం. ఇద్దరు స్ట్రైకర్ల వెనక స్వేచ్ఛగా తిరిగే సృజనశీలికి అందులో చోటు లేదు. జాన్‌ఫ్రాంకో జోలాను ఎడమ పక్కకు నెట్టాడు. జోలా ఆ నవంబరులోనే చెల్సీకి వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది రొబెర్తో బాజ్జో వస్తానంటే వద్దన్నాడు. బాజ్జో బొలోన్యాలో చేరి ఆ సీజన్ లీగ్‌లో 22 గోల్స్ కొట్టాడు. అది తన పొరపాటేనని అన్చెలొట్టి తర్వాత ఒప్పుకున్నాడు. 1999లో యువెంటస్‌కు వెళ్లేసరికి అక్కడ జినెదీన్ జిదాన్ ఉన్నాడు. జిదాన్‌ను ఎడమ పక్కన కూర్చోబెట్టే ధైర్యం ఎవరికుంటుంది? ఈసారి సూత్రమే మారింది.

తర్వాత అతను మేనేజర్‌గా వెళ్లిన మిలాన్‌లో సంగతి మరో మెట్టు ఎక్కింది. ముందు వరసలో ఆడేందుకు రుయ్ కోస్తా వంటి వాళ్లు ఉన్న జట్టులో ఆంద్రియా పిర్లోకు చోటు కష్టం. రక్షణ వరసకు ముందు, లోతుగా ఆడగలనని పిర్లోనే వచ్చి చెప్పాడని అన్చెలొట్టి చెబుతాడు. అప్పటిదాకా ఆ స్థానం బంతిని లాక్కునేవాళ్లది. పిర్లో అక్కడి నుంచి ఆటనంతా నడిపించాడు. మిలాన్ 2003లోనూ 2007లోనూ ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. ఆటగాడు తెచ్చిన ఆలోచనను మేనేజర్ సొంతం చేసుకున్న సందర్భాల్లో దీనికంటే లాభసాటిది వెతకడం కష్టం.

సామర్థ్యం వ్యూహాన్ని నిర్ణయించినట్టే గాయమూ నిర్ణయిస్తుంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు కోచ్ హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. థాయ్‌లాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని పక్కన పెట్టలేదు. సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. జర్నైల్ రెండింటిలోనూ గోల్ కొట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియాపై గెలుపు 2-1.

ఆటగాడి దగ్గర మేనేజర్‌కు లేని సరుకు మరొకటి ఉంది: మైదానం లోపలి సమాచారం. 1970 ప్రపంచ కప్ సెమీఫైనల్లో బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్ జెర్సన్‌ను ఉరుగ్వే ఆటగాడు నీడలా వెంటాడాడు. ఉరుగ్వే ఒక గోల్ ముందుంది కూడా. జెర్సన్ మైదానంలోనే లెక్క మార్చాడు. తాను వెనక్కి తగ్గి, తన కాపలావాడిని వెంట లాక్కుపోయి, వెనక ఉండవలసిన క్లొడొఆల్దోను ముందుకు వెళ్లమన్నాడు. విరామానికి కాస్త ముందు క్లొడొఆల్దో గోల్ కొట్టాడు. బ్రెజిల్ 3-1తో గెలిచింది. మేనేజర్ జగాలో విరామంలో చెప్పగలిగిన మాట అప్పటికే అమలైపోయింది. ప్రపంచ కప్‌కు కొద్ది నెలల ముందే బాధ్యత తీసుకున్న జగాలో, ఆటగాడిగా 1958, 1962 కప్పులు గెలిచినవాడు. సీనియర్లతో మాట్లాడి ఆడించడం అతనికి చిన్నతనంగా తోచలేదు. కొత్త మేనేజర్లలో చాలామందికి అలా తోస్తుంది. చిక్కంతా అక్కడే.

2022 మే నెలలో రియల్ మాడ్రిడ్, మాంచెస్టర్ సిటీల ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ అదనపు సమయానికి వెళ్లినప్పుడు అన్చెలొట్టి ఇంకా బాహాటంగా అడిగాడు. ఎవరిని దించాలా అన్న సందేహం వచ్చి, బెంచీ మీద ఉన్న టోనీ క్రూస్, మార్సెలో వంటి సీనియర్లతో చర్చించాడు. అడిగినంత మాత్రాన నిర్ణయం చేజారలేదు. మాడ్రిడ్ ఆ మ్యాచ్‌తో పాటు కప్పూ గెలిచింది.

అడగడానికి ఇష్టపడని మేనేజర్ ఒప్పించాలి. మిలాన్‌లో రూద్ గులిట్, మార్కో వాన్ బాస్టెన్ తన పద్ధతిని ప్రశ్నిస్తే సాక్కి ఉపన్యాసం ఇవ్వలేదు. గోల్‌కీపర్‌నూ నలుగురు డిఫెండర్లనూ ఒక వైపు నిలబెట్టి, పది మందిని దాడికి పంపాడు. ఆ అయిదుగురి మీద పది మందీ ఒక్క గోల్ కొట్టలేకపోయారు. సందేహించిన ఆటగాడు ఆ సాక్ష్యాన్ని తన కాళ్లతోనే తెచ్చి ఇచ్చాడు.

తారల సంగతి వచ్చేసరికి త్రాసు వంగుతుంది. 2009 మే 2న మాడ్రిడ్ మైదానంలో బార్సిలోనా 6-2తో గెలిచినప్పుడు లియోనెల్ మెస్సీని పక్క నుంచి మధ్యలోకి తెచ్చింది పెప్ గార్డియోలా. ఆలోచన పూర్తిగా మేనేజర్‌దే. కానీ ఆ వేసవిలోనే కొన్న జ్లాటన్ ఇబ్రహిమోవిచ్ మధ్యలో ఆడే స్ట్రైకర్. మెస్సీ మధ్యలో ఆడాలనుకున్నాడని, దానితో తన కోసం వేసిన అమరిక మారిపోయిందని ఇబ్రహిమోవిచ్ ఆత్మకథలో రాసుకున్నాడు. అతను చెప్పింది ఒక వైపు కథే. 2010లో మిలాన్‌కు వెళ్లిపోయింది మాత్రం అతనే. మెస్సీ వంటివాడి ఇష్టానికి తగ్గట్టు వ్యూహం మారడంలో తప్పేమీ లేదు. అది బలహీనత కాదు, లెక్క.

ప్రభావం చెడ్డపేరు తెచ్చుకునేది నిరాకరణలో. 2011లో చెల్సీకి వచ్చిన ఆంద్రే విలాస్-బోయాస్ రక్షణ వరసను గోల్‌కు దూరంగా, బాగా ముందుకు జరిపాడు. జాన్ టెర్రీ వేగం దానికి సరిపోలేదు. అక్టోబరులో సొంత మైదానంలోనే ఆర్సెనల్ చేతిలో 5-3తో ఓడారు. ఫిబ్రవరిలో నపోలితో ఆటకు ఫ్రాంక్ లాంపార్డ్, ఆష్లీ కోల్ బెంచీకి పరిమితమయ్యారు. మార్చి 4న మేనేజర్‌ను తీసేశారు. అతని సహాయకుడు రొబెర్తో ది మత్తేయో సీనియర్లను వెనక్కి తెచ్చి, వరసను లోతుకు దించాడు. మే 19న మ్యూనిక్‌లో అదే జట్టు ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. ఆటగాళ్లు కుట్ర చేశారనడం తేలిక. వాళ్ల కాళ్లకు సరిపడని ఆటను వాళ్ల నెత్తిన పెట్టారనడమే ఎక్కువ సబబు.

లెస్టర్‌లో క్లాడియో రనియేరి మొదట దీన్ని పసిగట్టాడు. 2015లో చేరినప్పుడు, ఇటలీ వ్యూహాలు తమ మీద రుద్దుతాడేమోనన్న భయం ఆటగాళ్ల ముఖాల్లో చూసి, వ్యూహం గురించి మాట్లాడటమే తగ్గించాడు. 4-4-2, లోతైన రక్షణ, జేమీ వార్డీ పరుగుల కోసం పొడవాటి పాస్‌లు. ఆ సీజన్ లెస్టర్ లీగ్ ఛాంపియన్. మరుసటి ఏడాది ఎన్గోలో కాంటే చెల్సీకి వెళ్లిపోవడంతో పాత యంత్రానికి ఇరుసు లేకుండా పోయింది. రనియేరి అమరికలు మారుస్తూ పోయాడు. జట్టు కిందకు జారింది. 2017 ఫిబ్రవరిలో అతన్ని తీసేశారు. వారం తిరగకముందే, ఆ స్థానంలోకి వచ్చిన క్రెయిగ్ షేక్‌స్పియర్ పాత పద్ధతికి వెళ్లి లివర్‌పూల్‌ను 3-1తో ఓడించాడు. ఒకే జట్టు, ఒకే మేనేజర్: ఒక ఏడాది ఆటగాళ్ల భయాన్ని విన్నాడు, మరో ఏడాది మార్చక తప్పని పరిస్థితిలో వాళ్ల నమ్మకాన్ని పోగొట్టుకున్నాడు. అతన్ని పూర్తిగా తప్పుపట్టడం న్యాయం కాదు.

మేనేజర్ ఏమీ చెప్పకపోయినా ఆటగాళ్లు ఊరుకోరు. బయర్న్ మ్యూనిక్‌లో యూర్గెన్ క్లిన్స్‌మన్ దగ్గర వ్యూహ శిక్షణ తక్కువై, ఎలా ఆడాలో మ్యాచ్‌కు ముందు తామే కూడి మాట్లాడుకోవలసి వచ్చిందని ఫిలిప్ లామ్ 2011లో తన పుస్తకంలో రాశాడు.

అలాంటి పుస్తకాలతోనే ఒక పేచీ ఉంది. గెలుపు వచ్చాక సలహా ఇచ్చినవాళ్ల సంఖ్య పెరుగుతుంది. 1958 ప్రపంచ కప్‌లో పెలేనూ గరించానూ ఆడించాలని సీనియర్లు బ్రెజిల్ కోచ్ ఫియోలాను ఒప్పించారన్న కథను అందరూ ఒకేలా చెప్పరు. 1974లో తూర్పు జర్మనీ చేతిలో ఓడాక పశ్చిమ జర్మనీ జట్టు ఎంపికలో కెప్టెన్ బెకెన్‌బావర్ మాట హెల్ముట్ షోన్ దగ్గర చాలా చెల్లిందంటారు; తర్వాతి మ్యాచ్‌లో జట్టులోకి వచ్చిన బోన్‌హోఫ్ పాస్ నుంచే ఫైనల్లో ముల్లర్ విజయపు గోల్ వచ్చింది. ఎవరి మాట ఎంత చెల్లిందో తూకం వేసి చెప్పగలవారు లేరు. 1990లో ఇంగ్లండ్ ఐర్లండ్‌తో డ్రా చేసుకున్నాక, నెదర్లాండ్స్ మీద బాబీ రాబ్సన్ మార్క్ రైట్‌ను మిగతా డిఫెండర్ల వెనక కాపలా ఉండే స్వీపర్‌గా పెట్టాడు. ఆటగాళ్లే పట్టుబట్టి మార్పించారని పత్రికలు రాశాయి. నిర్ణయం తనదేనన్నాడు రాబ్సన్. తర్వాత ఈజిప్టు మీద అతను మళ్లీ నలుగురు డిఫెండర్ల వరసకే వెళ్లాడు. ఆటగాళ్లు బలవంతంగా తెచ్చుకున్న పద్ధతే అయితే ఒక్క మ్యాచ్‌తో తీసేయనిచ్చేవారు కాదు. ఆత్మకథల్లో ఎవరేం రాసుకున్నారన్నదాని కంటే, తర్వాతి మ్యాచ్‌లో మేనేజర్ ఎవరిని ఎక్కడ నిలబెట్టాడో చూసుకోవడం మంచిది.