వాటా, బోనస్: సింగరేణి లాభాల పంపకంలో పంపిణీ న్యాయం – ఒక విమర్శనాత్మక పరిశీలన

దసరా దగ్గరపడుతుంటే గోదావరిఖనిలో “ఈసారి ఎంత శాతం?” అన్న ప్రశ్న వినిపిస్తుంది. సింగరేణి సంస్థ తన లాభాల్లో కొంత భాగాన్ని కార్మికులకు పంచే పద్ధతి 1999-2000 లాభాలతో, 10 శాతంతో మొదలైంది. అది 2018-19కి 28, 2022-23కి 32, 2023-24కి 33 శాతమైంది. ఈ అంకెల వరుస చూసినవారికి న్యాయం మెట్టు మెట్టుగా పైకి వెళుతున్నట్లే తోస్తుంది. ఆర్థికశాస్త్రంలోని పంపిణీ న్యాయ నమూనాలు కూడా ఎక్కువ భాగం ఇదే దారిలో నడుస్తాయి. పంచవలసిన మొత్తం ఇంత, పంచుకొనేవారు వీరు అని ముందే అనుకొని, ఆ తరువాత ఏ సూత్రం న్యాయమైనదో వెతుకుతాయి. సింగరేణిలో మాత్రం అసలు తగవు సూత్రం దగ్గర లేదు. దానికి ముందు జరిగిపోయిన ఆ రెండు నిర్ణయాల దగ్గర ఉంది.

మొదటిది మొత్తానికి సంబంధించినది. 2022-23లో లాభం 2,222 కోట్ల రూపాయలు. 32 శాతం కింద కార్మికులకు 711 కోట్లు వచ్చాయి. మరుసటి ఏడాది లాభం 4,701 కోట్లు. అందులో 2,289 కోట్లను విస్తరణ కోసం పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్ల మీద 33 శాతం కట్టారు. వచ్చినది 796 కోట్లు. మొత్తం లాభంతో పోల్చితే ఇది 17 శాతానికి కాస్త తక్కువే. ప్రకటించిన శాతం ఒకటి పెరిగింది, లాభంలో కార్మికుల భాగం దాదాపు సగానికి తగ్గింది. విస్తరణకు డబ్బు కేటాయించడమే అన్యాయమని దీని అర్థం కాదు. బొగ్గు తరిగిపోయే సంపద. 1971లో వెలువడిన తన న్యాయ సిద్ధాంతంలో జాన్ రాల్స్ రాబోయే తరాల కోసం న్యాయమైన పొదుపు ఉండాలన్నాడు. అయితే పొదుపును శాతానికి ముందే తీసివేస్తే ఆ శాతం ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ పోల్చదగిన అంకెగా మిగలదు.

మనుషుల లెక్కలోనూ ఇటువంటి మార్పే ఉంది. 1990ల తొలినాళ్లలో లక్షకు పైగా ఉన్న పర్మినెంటు కార్మికులు 2023-24 పంపకం నాటికి 41,837 మంది. పంచుకొనేవారు తగ్గితే తలసరి మొత్తం దానంతటదే పెరుగుతుంది, సగటున 1.90 లక్షలు అందడంలో ఈ తగ్గుదల పాత్ర చిన్నది కాదు. తగ్గినవారు చేసిన పని మాయం కాలేదు. కొంత యంత్రాలకు, కొంత కాంట్రాక్టు కార్మికులకు చేరింది. ఓపెన్‌కాస్టుల్లో బొగ్గు పైనున్న మట్టిని తొలగించే పనిలో అధిక భాగం కాంట్రాక్టు సంస్థలదే. 2024లో తొలిసారిగా సుమారు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు తలా 5,000 రూపాయలు ప్రకటించారు. అంటే దాదాపు 12.5 కోట్లు.

అసమానతను కొలిచే గిని సూచిక ఇక్కడ ఏం చెబుతుందో చూడవచ్చు. పర్మినెంటు కార్మికులను మాత్రమే తీసుకొని, హాజరును బట్టి వచ్చే తేడాలను పక్కన పెడితే సూచిక సున్నా. కాంట్రాక్టు కార్మికులను కూడా లెక్కలో చేర్చితే అది సుమారు 0.36కు వెళుతుంది. డబ్బు ఒక్క రూపాయి కూడా చేతులు మారలేదు, గీత మాత్రమే జరిగింది. సూచికలో లోపం లేదు. ఎవరిని లెక్కించాలో అది చెప్పదు, అంతే.

ఈ గీత భాషలోనూ ఉంది. పర్మినెంటు కార్మికునికి అందేది ‘వాటా’, కాంట్రాక్టు కార్మికునికి అందేది ‘బోనస్’. అన్నదమ్ముల ఆస్తి పంపకం నుంచి పొలం కౌలు దాకా తెలుగులో వాటా అన్నమాట హక్కును సూచిస్తుంది. వాటా రాకపోతే పంచాయితీ పెట్టవచ్చు. బోనసుకు చట్టం ఉన్నా, వ్యవహారంలో ఆ మాటకు ఇచ్చేవారి దయ అంటుకొని ఉంది. పండుగ ముందు ప్రకటిస్తే కానుక అయిపోతుంది. శ్రామిక సాహిత్యాన్ని పరిశీలించే విమర్శ ఇతివృత్తాల మీద చూపినంత శ్రద్ధ ఇటువంటి వ్యవహార పదాల మీద చూపవలసి ఉంది.

అజ్ఞానపు తెర వెనుక నిలబడి పంపకాన్ని నిర్ణయించాలన్న రాల్స్ ఊహ ఈ గీతను చెరిపివేస్తుందా? తెర వెనుక ఎవరిని నిలబెట్టామన్నదాని మీద అది ఆధారపడుతుంది. సభ్యులెవరో ముందే తేల్చుకొన్న నిష్పాక్షికతను అమర్త్యసేన్ 2009లో సంవృతమైనదని విమర్శించాడు. బయటివారి చూపును కూడా లోపలికి రానిచ్చే వివృత నిష్పాక్షికత కావాలన్నాడు. గోదావరిఖనిలో ఆ బయటివారు ఒకే గనిలో, ఒకే షిఫ్టులో ఉన్నవారే. 2023 డిసెంబరు 27న జరిగిన గుర్తింపు సంఘం ఎన్నికల్లో వారికి ఓటు లేదు. 2022 సెప్టెంబరులో రెండు వారాలకు పైగా సమ్మె చేసినవారూ వారే. బేరసారాల నమూనాలు బల్ల దగ్గర కూర్చున్నవారి బలాబలాలను చక్కగా లెక్కగడతాయి, కుర్చీ దొరకనివారి జోలికి పోవు. 1953 నాటి షాప్లీ సూత్రం మాత్రం ఒక్కొక్కరి చేరికతో రాబడి ఎంత పెరిగిందని అడుగుతుంది. ఇద్దరిలో ఎవరు లేకపోయినా రాబడి సున్నా అయ్యేటట్లయితే అది చెరిసగం అంటుంది. మట్టి తీయనిదే బొగ్గు రాదు. ఈ లెక్క యథాతథంగా అమలుకు పనికిరాకపోవచ్చు. యంత్రాల పెట్టుబడి, నైపుణ్యం, గనిలోపలి ప్రమాదం వంటివి అందులో లేవు. అయినా సగానికీ, ముప్పైఎనిమిదో వంతుకూ మధ్య ఉన్న దూరానికి నైపుణ్యభేదం ఒక్కటే జవాబు కాజాలదు.

2024-25 లాభాలకు శాతం 34 అయింది. పర్మినెంటు కార్మికుని సగటు 1,95,610 రూపాయలకు చేరింది. కాంట్రాక్టు కార్మికునికి 5,500 ప్రకటించారు, బోనస్ పేరుతోనే.