పెళ్లికూతురు లేని పెళ్లి బొమ్మ

ఫ్రెంచి చిత్రకారుడు యూజీన్ డెలాక్రువా వేసిన ‘మొరాకోలో యూదుల పెళ్లి’ని ఎంత వెతికినా పెళ్లికూతురు కనిపించదు. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉన్న ఆ బొమ్మ నిండా టాంజియర్ పట్నపు ఇంటి మండువా ఒక్కటే. గోడకు ఆనుకుని వాద్యగాళ్లు, నడుమ నాట్యమాడే స్త్రీ, చుట్టూ ఒదిగి కూర్చున్న జనం, మేడ మీంచి తొంగిచూసే కొందరు. వీళ్లలో చాలామందిని కింది సగంలోనే సర్దేసి, పైన పెద్ద జాగా సున్నపు గోడకూ ఆకుపచ్చ చెక్కపనికీ వదిలాడు. ఆయన మనసంతా ఆ ఇంట్లోకి దిగే వెలుతురు మీదే ఉందని నా నమ్మకం. 1832లో ఫ్రెంచి దౌత్య బృందంతో మొరాకో వెళ్లి ఈ పెళ్లి చూసినప్పుడు, వయొలిన్ వాద్యగాడి చేతి అడుగున నీడ ఎలా ఉందో, వెనక వెలుగుకు తలగుడ్డ ఎక్కడ పలచగా కనిపించిందో రాసిపెట్టుకున్నాడు. పెళ్లికూతుర్ని లోపలి గదిలో కూర్చోబెట్టే ఆచారం గురించి 1842లో ఒక పత్రికకు వివరంగా రాశాడు కూడా. 1841లో ప్రదర్శించిన బొమ్మలో మాత్రం ఆ గది గడప దాటలేదు. ఆకాశానికి తెరిచిన మండువాలో ఎండ తెల్లగోడను తాకి, మెత్తబడి మనుషుల మీదికి దిగుతుంది. అందుకే నీడలో కూర్చున్నవాళ్ల బట్టల రంగులు కూడా నల్లబడలేదు.

నేను దీన్ని నిత్యజీవితపు బొమ్మగానే చూస్తాను. పెళ్లి నిత్యజీవితం ఎలా అవుతుందని అడగవచ్చు. వేడుక ఒక్కరోజుదే, కానీ గోడ పక్కన చతికిలబడటం, మేడ మీంచి వంగి చూడటం ఆ ఇల్లు రోజూ నేర్పే అలవాట్లు. ఇంకో అభ్యంతరం బరువైనది. 1830లో ఫ్రాన్స్ అల్జీర్స్‌ను ఆక్రమించుకుంది, ఆ దౌత్యం వెనక ఉన్నది ఆ రాజకీయమే, కాబట్టి ఇది పాలకుల వైపువాడి చూపు అంటారు. ఆ మాట నిజమే, దాన్ని పక్కన పెట్టి ఈ బొమ్మను చూడలేం. అయితే మొరాకోలో అడుగైనా పెట్టకముందు, 1827లో, ఇదే మనిషి ‘సార్డనపాలస్ మరణం’ వేశాడు. అందులో గది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు, నగ్న స్త్రీలు, రక్తపాతం, మంచం కలగలిసిపోతాయి. టాంజియర్ బొమ్మలో ఆ ఊహల జోరును గోడ అడ్డుకుంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఇల్లే చెప్పింది, ఆయన విన్నాడు. నాట్యమాడే ఆమె చుట్టూ వదిలిన ఆ ఖాళీ నేలను కూడా ఆయన నింపలేదు.