విరిగిన స్టడ్డు, మిగలాల్సిన మర

కారు ఇంజిన్‌లో మండిన వాయువులను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డును సిలిండర్ హెడ్డుకు బిగించి పట్టుకునేవి స్టడ్లు. తల లేకుండా రెండు కొసల్లోనూ మరలు కోసిన ఈ ఉక్కు కడ్డీల్లో ఒక కొస హెడ్డులోకి దిగి ఉంటే, రెండో కొసకు నట్టు ఎక్కుతుంది. ఏళ్ల తరబడి నడిచిన ఇంజిన్‌ను విప్పేటప్పుడు నట్టుతో పాటు స్టడ్డు కూడా మెలితిరిగి, పుటుక్కున విరిగి, సగం లోపలే ఉండిపోవడం ఆటోనగర్ షెడ్లకు కొత్త కాదు. ఆ ముక్క ఖరీదు స్వల్పం, అది దిగిన హెడ్డు ఖరీదు వేలల్లో. కనుక ముక్కను పైకి తీయడం కన్నా, రంధ్రంలోని మరలను కాపాడుకోవడమే ఈ పనిలో అసలు లక్ష్యం.

ఇప్పటి కార్లలో హెడ్డు చాలావరకు అల్యూమినియం పోత. ఒక డిగ్రీ సెల్సియస్ వేడి పెరిగితే మీటరు పొడవున్న ఉక్కు సుమారు 12 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో 12 వెయ్యో వంతులు సాగగా, అల్యూమినియం దాదాపు 23 మైక్రాన్లు సాగుతుంది కాబట్టి, ఇంజిన్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఈ రెంటి మరలూ ఒకదానినొకటి ఒరుసుకుంటాయి. తడి, ఉప్పు చేరినచోట ఈ రెండు లోహాల మధ్య చిన్నపాటి విద్యుత్ ఘటం ఏర్పడి అల్యూమినియం హరించుకుపోతుంది; అలా పుట్టిన తెల్లని ఆక్సైడు మరల సందుల్లో బిర్రుగా పేరుకుంటుంది. ఆ పట్టు కడ్డీ బలాన్ని మించినప్పుడు మర తిరగదు, కడ్డీ తెగుతుంది. తెగేదాకా లాగకూడదన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

విరిగిన ముక్కను తీసే పద్ధతులు అనేకం ఉన్నా, వాటిని ఎంచడానికి గీటురాయి ఒక్కటే: ఆ పద్ధతి విఫలమైతే తరువాతి ప్రయత్నానికి ఏమి మిగులుతుంది? సందుల్లోకి ఇంకే నూనె పోసి ఒక రాత్రి వదిలేస్తే పోయేదేమీ లేదు. వేడి చేయడం మంచిదే గాని, ఉక్కులా ఎర్రబడి హెచ్చరించే గుణం అల్యూమినియానికి లేదు. హెడ్డు పోత 660 డిగ్రీలకు చేరకముందే ఉన్నట్టుండి కరిగిపోతుంది. ముక్క కొంచెం పైకి కనిపిస్తుంటే దాని మీద నట్టు ఉంచి, నట్టు రంధ్రంలోంచి వెల్డింగ్ చేయడం ఉత్తమం. ఉక్కు వెల్డు అల్యూమినియానికి అతకదు, వెల్డు వేడికి ఆక్సైడు పట్టు సడలుతుంది, నట్టు ఊడినా మరొకటి పెట్టవచ్చు. నట్టు ఎరుపు తగ్గాక స్పానర్‌తో విప్పే వైపు కొద్దిగా, బిగించే వైపు కొద్దిగా కదిలిస్తూ, మరల సందుల్లోంచి తెల్లని పొడి రాలినప్పుడల్లా నూనె వేస్తూ పోతే ముక్క దానంతట అదే దారికి వస్తుంది.

ముక్క లోపలికంటా విరిగితే డ్రిల్లు తప్పదు. విరిగిన ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి ముందు దానిని చదును చేసి, సెంటర్ పంచ్‌తో సరిగ్గా నడిమధ్య గుర్తు పెట్టాలి. లేకుంటే డ్రిల్ బిట్టు గట్టి ఉక్కును వదిలి మెత్తని అల్యూమినియంలోకి జారిపోతుంది. ఎడమవైపు తిరిగి కోసే బిట్టు వాడితే, కోస్తూ ఉండగానే ముక్క మర విప్పుకుని బయటికి రావడమూ కద్దు. 8 మిల్లీమీటర్ల స్టడ్డుకు మర చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లయితే, రంధ్రాన్ని నడిమధ్య నుంచి 6.8 మిల్లీమీటర్ల వరకు పెద్దది చేసినప్పుడు గోడకు సన్నని మర చుట్టలు మాత్రమే మిగులుతాయి. వాటిని మొనదేలిన సూదితో పెరికి తీసి, మరలు కోసే ట్యాప్‌తో మర శుభ్రం చేయవచ్చు. మర చెడినా, స్టెయిన్‌లెస్ తీగ చుట్ట అయిన హెలికాయిల్‌ను అమర్చి కొత్త మర తెచ్చుకోవచ్చు.

అందరూ ముందుగా చేయి చాచే ఎక్స్‌ట్రాక్టర్ మాత్రం ఈ పరీక్షలో తేలిపోతుంది. డ్రిల్లు చేసిన రంధ్రంలోకి దిగే ఈ కొసకు సన్నబడే పనిముట్టు ముక్కను వెడల్పు చేసి మరింత బిగిస్తుంది. గట్టిపరచిన ఉక్కు గనుక పెళుసుగా విరుగుతుంది, విరిగితే మామూలు బిట్టు దానిపై గీత కూడా పెట్టలేదు. అప్పుడు దిక్కు ఈడీఎం, అంటే విద్యుత్ నిప్పురవ్వలతో లోహాన్ని కణం కణంగా తొలగించే యంత్రం. 1940లలో సోవియట్ యూనియన్‌లో లజరెంకో దంపతులు ఈ విద్యను రూపొందిస్తుండగా, అమెరికాలో మరో బృందం అల్యూమినియం పోతల్లో విరిగిన ట్యాప్‌లను, డ్రిల్ బిట్లను తీయడానికే దీనిని అభివృద్ధి చేసింది.

కాబట్టి ఈ రాత్రికి నూనె పోసి వదిలేస్తానని మెకానిక్ అంటే, బండి యజమాని తొందరపెట్టకూడదు. ఆ ఆలస్యానికి అయ్యే కూలి కొత్త హెడ్డు ఖరీదు ముందు ఏ మూలకూ రాదు.