కంప్యూటర్ మొహమాటం

నెట్ లేకుండా పని నేర్చుకోవడం ఎందుకని ఉద్దానంలో ఎవరూ అడగరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడితోటలతో పాటే కరెంటు స్తంభాలూ ఒరిగాయి, సెల్‌ఫోన్లు మూగబోయాయి. అంతకు నాలుగేళ్ల ముందు హుద్‌హుద్ విజయనగరం వాళ్లకూ అదే చూపించింది. తుపాన్ల సంగతి అలా ఉంచితే, మేడెక్కితేగానీ సిగ్నల్ అందని ఊళ్లు మనకు ఇప్పటికీ ఉన్నాయి. అందుకే మొదటి వెబ్‌సైట్ కట్టాలనుకునే పిల్లలు నన్ను అడిగేది, నెట్ లేకుండా నడిచే సాఫ్ట్‌వేర్ ఏది వేసుకోవాలని.

నా లెక్క కాస్త వేరు. మన కంప్యూటర్‌కు మనమంటే మహా మొహమాటం. మన పేజీ ఎలా ఉన్నా బాగుందనే చెబుతుంది. దాని చేత నిజం చెప్పించగలిగిందే పనికొచ్చే పనిముట్టు.

మా మేనల్లుడు పలాసలో వాళ్ల జీడిపప్పు వ్యాపారానికి ఒక పేజీ తయారుచేశాడు. ముచ్చటగా ఉంది. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో డిజేబుల్ క్యాష్ దగ్గర టిక్కు పెట్టించాను. లేకపోతే బ్రౌజర్ తను దాచుకున్న పాత సరుకే మళ్లీ చూపిస్తుంది. ఆ తర్వాత వైఫై ఆపి, పేజీ రీలోడ్ చేయమన్నాను. అక్షరాలు మారిపోయాయి. అడ్డంగా ఉన్న మెనూ నిలువునా జారి చుక్కల జాబితా అయిపోయింది.

"ఏటి మావయ్యా, ఇప్పటిదాకా బాగానే ఉంది గదా!"

ఉంది. ఫాంటు గూగుల్ నుంచీ, మెనూను అడ్డంగా నిలిపిన బూట్‌స్ట్రాప్ ఇంకెక్కడి సర్వర్ నుంచో వచ్చి పడుతున్నాయి కాబట్టి ఉంది. రెంటినీ దించి సైటు ఫోల్డర్‌లోనే పెట్టించాను. తెలుగు ఫాంట్లకు ఇప్పుడు కరువు లేదు. గురజాడ, గిడుగు పేర్లతోనే ఫాంట్లున్నాయి, ఓపెన్ లైసెన్సు, ఉచితం. విజయనగరం ఆయన్నీ, పర్వతాలపేట ఆయన్నీ పక్కపక్కన చూసుకుని నచ్చిందేదో పెట్టుకోవచ్చు.

ఎడిటర్ల మీద వాదన ఎక్కువ, తేడా తక్కువ. పాత ల్యాప్‌టాప్‌కు నోట్‌ప్యాడ్++ చాలు. ఫైలు యూటీఎఫ్-8లో సేవ్ అవుతోందా లేదా అన్నది మాత్రం చూసుకోవాలి, కాకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలే. అంతకంటే పెద్ద చిక్కు, డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన మేటరు. ఆ ఫాంటున్న మిషన్‌లో అది నిక్షేపంగా తెలుగే. కొనేవాడి ఫోన్‌లో మాత్రం ఇంగ్లిషు గుర్తుల గజిబిజి. యూనికోడ్‌లోకి మార్చుకోక తప్పదు.

ఇక సర్వర్. ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి చూసుకుంటే కొన్ని లింకులు, కొన్ని స్క్రిప్టులు పనిచేయవు. పైథాన్ ఉంటే ఒక్క కమాండ్‌తో ఆ ఫోల్డరే సర్వర్ అయిపోతుంది, లోకల్‌హోస్ట్ 8000లో పేజీ తెరుచుకుంటుంది. 1990లో సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ తొలి వెబ్ కట్టింది కూడా ఇలాగే, బ్రౌజరూ ఎడిటరూ సర్వరూ అన్నీ ఒక్క నెక్స్ట్ కంప్యూటర్ మీదే. ఎక్సాంప్ మాటంటారా, పీహెచ్‌పీ, డేటాబేస్ కావలసినప్పుడు వేసుకోండి. నాలుగు పేజీల జీడిపప్పు సైటుకు అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

అసలు పరీక్ష ఫోన్‌లో. ఫోన్‌లో డేటా ఆపి, హాట్‌స్పాట్ పెట్టి, దానికి ల్యాప్‌టాప్ కలపాలి. ల్యాప్‌టాప్‌లో ఐపీకాన్ఫిగ్ కొడితే వచ్చే ఐపీవీ4 అడ్రస్ ఫోన్ బ్రౌజర్‌లో టైపు చేసి, కోలన్, 8000. విండోస్ ఫైర్‌వాల్ అడ్డొస్తే అలౌ అనాలి. పైసా డేటా ఖర్చు లేదు. మావాడి పేజీలో డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 గ్రేడ్ల జీడిపప్పు ధరల పట్టిక ల్యాప్‌టాప్‌లో దర్జాగా కూర్చుంది. ఫోన్‌లో తెర దాటి కుడివైపుకు పారిపోయింది. ధర కోసమే కదా ఎవరైనా ఆ పేజీ తెరిచేది!

ఇన్ని చేసినా విండోస్ మొహమాటం ఒకటి మిగిలిపోతుంది. ఫొటో పేరు చివర జేపీజీ పెద్ద అక్షరాల్లో ఉండి, పేజీలో చిన్న అక్షరాల్లో రాసినా అది సర్దుకుపోయి బొమ్మ చూపిస్తుంది. హోస్టింగ్ వాళ్ల దగ్గర సాధారణంగా ఉండేది లినక్స్. అది సర్దుకోదు, బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ గడి వస్తుంది. విండోస్ మీద చేసిన ఈ పరీక్షలేవీ దీన్ని పట్టివ్వవు. ఫైళ్ల పేర్లన్నీ మొదటినుంచీ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టుకోవడమే దారి. మావాడి ఫోల్డర్ నిండా కెమెరా పెట్టిన పేర్లతోనే ఫొటోలున్నాయి.

"అన్నీ మార్చాలా మావయ్యా?"

అన్నీ.