పిల్లల చరిత్ర కథల్లో మన్యం ప్రజలెక్కడ?

మన్యం తిరుగుబాటు మీద పిల్లల కోసం రాసిన కథలు మనకు కొరత లేదు. పిడుగురాళ్లలో కొందరు బడిపిల్లలచేత అలాంటివి చదివించి, "గిరిజనులు తెల్లవాళ్ల మీద ఎందుకు తిరగబడ్డారు?" అని అడిగాను. "సీతారామరాజు చెప్పాడు గదండీ" అన్నారు. తప్పు పిల్లలది కాదు, కథలది.

ఈ కథలన్నిటిదీ ఒకటే అచ్చు. అమాయకులైన గిరిజనులు, దుర్మార్గుడైన దొర, ఉద్ధరించడానికి వచ్చిన వీరుడు. పిల్లలకు ఇవి ధైర్యం నూరిపోశాయి, కాదనను. కాని చరిత్ర ఇంత తేలిక కాదు. సీతారామరాజు పుట్టకముందే, 1879లో, చిగురుపన్నుకూ మన్సబుదారు దోపిడికీ వ్యతిరేకంగా రంప కొండలు భగ్గుమన్నాయి. 1882 అటవీ చట్టం తర్వాత, పోడు కొట్టి బతికేవాడు తన కొండమీదే నేరస్తుడయ్యాడు. గూడెంలో డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ చాలీచాలని కూలికి రోడ్డు పని చేయించాడు. అంటే 1922 నాటికి ఆ ప్రజలకు కోపమూ ఉంది, పోరాడిన అనుభవమూ ఉంది. రాజు గొప్పతనం దాన్ని గుర్తించి, ఒక్కతాటి మీదికి తేవటంలో ఉంది.

"పన్నులూ చట్టాలూ పిల్లలకేం అర్థమవుతాయి?" అని మన రచయితలు అంటారు. అందుకే ఆ పిల్లలకు మన పల్నాటి సంగతే చెప్పాను. పశువులు అడవిలో మేస్తే సర్కారుకు పుల్లరి కట్టాలన్నారు. 1921లో రైతులు కట్టకుండానే పశువుల్ని అడవికి తోలారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసు కాల్పులకు కన్నెగంటి హనుమంతు బలయ్యాడు. "మా బర్రె గడ్డి తింటే వాళ్లకెందుకు డబ్బులు?" అంది ఒక పిల్ల. కాసేపాగి, "మన్యంలో వాళ్ల అడవి కూడా ఇట్టాగే లాక్కున్నారా?" అని అడిగింది. పుస్తకం రప్పించలేని ప్రశ్న అది.

ఈ కథలు ముగిసే తీరూ అంతే. 1924 మే 7న కొయ్యూరులో రాజు మరణంతో పుస్తకం మూతపడుతుంది. ఆ తర్వాతా పోరాడి జూన్‌లో ప్రాణమిచ్చిన గాం గంటందొర అందులో ఉండడు. అండమాన్‌లో శిక్ష అనుభవించి, 1952లో లోక్‌సభకు ఎన్నికైన గాం మల్లుదొర అసలే ఉండడు. ఒక కోయ పిల్లవాడి కళ్లతో, ఒక గిరిజన తల్లి మాటల్తో ఆ కాలాన్ని చూపించాలన్న ఆలోచన మనకెందుకు రాలేదు? కొండమీది మనిషిని మనతో సమానంగా ఆలోచించగల మనిషిగా మనమింకా చూడకపోవటమే కారణమని నా అభిప్రాయం.

ప్రజలు లేని వీరగాథ చదివి పెరిగినవాడు, రేపు తన ఊళ్లో అన్యాయం జరిగితే ఎవరో వీరుడు వస్తాడని ఎదురుచూస్తాడు. పక్కవాడిని కలుపుకోవాలని అతనికి తోచదు. పిల్లల కోసం రాసేవాళ్లు కలం పట్టేముందు ఈ సంగతి ఆలోచించాలి.