అరుగు లేని కార్ఖానా

మన అభ్యుదయ సాహిత్యంలో కార్మికుడు అనగానే పాఠకుని మనసులో మెదిలేది వ్యక్తి కాదు, సమూహం. గని ముఖం, మిల్లు గేటు, సైరను మోత: మన కథకు పరిచితమైన రంగస్థలాలు ఇవి. నేను వుండే సీతాఫల్‌మండికి దగ్గరలోనే 1893 నాటి లాలాగూడ రైల్వే వర్క్‌షాపు వుంది. షిఫ్టు దిగి మాట్లాడుకుంటూ బయటికి వచ్చే మనుషులను చూసినప్పుడు శ్రమనూ సాహచర్యాన్నీ విడదీయలేమనిపిస్తుంది.

కాని 2020 మార్చి లాక్‌డౌన్ తరువాత ఇదే సీతాఫల్‌మండి సందులలో, తార్నాక అపార్టుమెంట్లలో మరొక తరహా శ్రామికుడు కనిపిస్తున్నాడు. ఇతనికి గేటు లేదు, సైరను లేదు, పక్కన పనివాడు లేడు. నిన్నటిదాకా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద పదిమందితో వాదులాడిన విద్యార్థి, వుద్యోగం వచ్చిన మర్నాటినుంచి నాలుగు గోడల మధ్య ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటున్నాడు. ఇతనిని మన కథ ఏ దృష్టితో చూస్తున్నది? విమర్శకులు పట్టించుకోవలసిన ప్రశ్న ఇది.

నేను చదివిన కథలలో పెక్కు ఇతనిని చూసి జాలిపడి వూరుకుంటున్నవి. భార్యాభర్తల నడుమ ల్యాప్‌టాప్, నానాటికీ తగ్గిపోయే మాటలు. చివరకు నాయకుడు దానిని మూసి పల్లెకు పోయి తల్లిచేతి ముద్ద తిని శాంతి పొందడం. ఈ మూసలో ఒంటరితనం కేవలం మనోవ్యాధి, పల్లె దానికి మందు. సెలవు ముగిశాక నాయకుడు మళ్ళీ ఏ గదికి తిరిగివస్తాడో కథకుడు చెప్పడు. రోగకారణం అడగని వైద్యం ఇది.

కారణం తెలియాలంటే శ్రమ లెక్క చూడక తప్పదు. చైనాలోని సీట్రిప్ అనే ప్రయాణ సంస్థ 2010 చివర షాంఘై కాల్ సెంటరులో ఒక ప్రయోగం చేసింది. ఇష్టపడి ముందుకు వచ్చిన వుద్యోగులలో కొందరిచేత తొమ్మిది నెలలపాటు ఇంటినుంచి పని చేయించింది. నికొలస్ బ్లూమ్ బృందం 2015లో ప్రకటించిన ఫలితాల ప్రకారం వారి పని 13 శాతం పెరిగింది. అందులో 9 శాతం, విరామాలూ సెలవులూ తగ్గి పనిచేసే నిమిషాలు పెరిగినందువల్ల వచ్చినదే. సంస్థకు మనిషికి ఏటా సుమారు 2,000 డాలర్లు మిగులుతాయని తేలింది. అయినా ప్రయోగం ముగిశాక ఇంట పనిచేసినవారిలో దాదాపు సగంమంది ఆఫీసుకే తిరిగిపోయినారు. ముఖ్య కారణం ఒంటరితనం. పైగా సమానంగా పనిచేసినా వారికి ప్రమోషన్లు తక్కువగా వచ్చినవి. పెరిగిన పని సంస్థ ఖాతాలో, ఒంటరితనం వుద్యోగి ఖాతాలో పడినవన్నమాట.

ఇక్కడ ఒక వైరుధ్యం గమనించాలి. గాలప్ సంస్థ 2024 నివేదికలో, పూర్తిగా ఇంటినుంచి పనిచేసేవారిలో 25 శాతం మంది ఒంటరితనం చెప్పుకోగా, పనిస్థలానికి పోయేవారిలో 16 శాతం మందే చెప్పుకున్నారు. అదే సంస్థ 2025 లెక్కలలో పనిలో నిమగ్నత మాత్రం ఇంటినుంచి పనిచేసేవారిలోనే అధికం: 31 శాతం. యాజమాన్య శాస్త్రానికి ఇది చిక్కుముడి కావచ్చు, మనకు కాదు. పనిలో మునిగిపోవడం వేరు, మనుషులతో కలిసి వుండడం వేరు. మొదటిది యజమానికి అవసరం, రెండవది మనిషికి అవసరం. పరాయీకరణను గురించి మార్క్స్ 1844లో ఆలోచించేనాటికి ఫ్యాక్టరీ కార్మికునికి పని ఒకచోట, ఇల్లు మరొకచోట. పనిలో తనను పోగొట్టుకున్నవాడు ఇంటికి వచ్చి తన్ను తాను కలుసుకోగలిగేవాడు. ఇల్లే పనిచోటయినప్పుడు అతడు ఎక్కడికి పోవాలి?

అయితే అందరూ ఆఫీసుకు మరలడమే పరిష్కారమా? అట్లా అనడం తొందరపాటు. పసిబిడ్డ తల్లికి, నడవలేనివారికి, తార్నాకనుంచి రాయదుర్గందాకా రోజూ మెట్రోలో నిలబడిపోయేవారికి ఇంటిపని నిజమైన వెసులుబాటు. ఆ చైనా సంస్థలోనే 1,612 మందిపై జరిపిన తరువాతి అధ్యయనం 2024లో వెలువడింది. వారానికి రెండు రోజులు ఇంట పనిచేయనిస్తే రాజీనామాలు మూడో వంతు తగ్గినవి. మన దేశంలో 2020లో టీసీఎస్, 2025 నాటికి తన సిబ్బందిలో 25 శాతం మంది ఆఫీసులో వుంటే చాలునన్నది. 2023 అక్టోబరునుంచి వారానికి అయిదు రోజులూ రమ్మన్నది. పొమ్మన్ననాడూ రమ్మన్ననాడూ నిర్ణయం వుద్యోగిది కాదు. అసలు సమస్య అక్కడ వుంది.

ఇంట కూలిచేయడం తెలుగునేలకు కొత్త కాదు. నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల బీడీ కార్మిక స్త్రీలు తునికాకు, తంబాకు ఇంటికి తెచ్చుకుని, వేయి బీడీలకు ఇంత అనే లెక్కన చుట్టి కార్ఖానాలో అప్పగిస్తున్నారు. ఇంట పనిచేసినా వారు కార్మికులేనని 1966 నాటి బీడీ కార్మికుల చట్టం గుర్తించింది. దోపిడీ అక్కడ తక్కువేమీ కాదు. కాని వారు నలుగురూ ఒక అరుగు మీద చేరి చేటలు ముందు పెట్టుకుని చుట్టుతారు. లెక్కలో కోత పడితే ఆ సంగతి సాయంత్రానికి వాడంతా తెలుస్తుంది. ఏకాకిని చేసేది ఇల్లు కాదు, అరుగు లేకపోవడం. సాఫ్ట్‌వేర్ వుద్యోగులు మాట్లాడుకునే చాట్ గది సైతం కంపెనీదే. యజమాని వినగల చోటును అరుగు అనలేము.

ఇంత స్పష్టంగా వున్న శ్రమకథను మనం బీడీలు చుట్టే తల్లి విషయంలో కుటుంబకథ అన్నాము, ల్యాప్‌టాప్ ముందరి కొడుకు విషయంలో మనస్తత్వకథ అంటున్నాము. విమర్శలో ఈ విభజన పోవాలి. గది అద్దె, కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు? ఒకనికి ఈమెయిలులో వుద్వాసన వచ్చిననాడు తోటివానికి ఆ కబురు ఎట్లా అందుతుంది? యజమాని చెవిన పడకుండా ఇద్దరు వుద్యోగులు ఎక్కడ కలుసుకుంటారు? కలుసుకుంటే ముందుగా ఏమి మాట్లాడుకుంటారు? మన యువ కథకులు ఈ ప్రశ్నలతో ఆ గదిలోకి పోవాలి. అప్పుడే ఆ ఒంటరివాడు జాలికి పాత్రుడు కాక, కార్మికుడుగా మన సాహిత్యంలోకి వస్తాడు.