పరమాణువు: వసుబంధుని పదము, భౌతికశాస్త్రపు పదము

వసుబంధుడు ‘వింశతిక’లో పరమాణువును ఖండించెను గనుక ఆధునిక భౌతికశాస్త్రమునకు ఆయనయే మార్గదర్శి యనువారు కలరు. ఈ పోలికకు ఆధారము చాలవఱకు పదసామ్యమే యని మేము తలంచుచున్నాము.

ఆయన యుక్తి యిది: ఒక పరమాణువును ఆఱు దిక్కులనుండి ఆఱు పరమాణువులు ఒక్కమాఱుగా కూడినచో దానికి ఆఱు భాగము లేర్పడును, భాగములు గలది పరమాణువు కాజాలదు. ఆఱింటికిని తావొక్కటే యన్నచో పిండమంతయు పరమాణుమాత్రమే యగును. ఇక కొండయైనను కంటికి కానరాదు. బాహ్యార్థ మిట్లు నిలువదు గనుక తోచునదంతయు విజ్ఞప్తిమాత్రమని సిద్ధాంతము. (విజ్ఞప్తి యనగా ఇచట మనవి కాదు, ఎఱుక.)

మన పాఠ్యపుస్తకములలోని పరమాణువు వేఱు. 1897లో థామ్సన్ ఎలక్ట్రానును కనుగొన్నది మొదలు అది సావయవమని తేలినది. ఈ యుక్తికి అది లక్ష్యమే కాదు. పోల్చదలచినచో ఎలక్ట్రానునే పోల్చవలెను. దానికి అవయవము లున్నట్లు ఇంతవఱకు ఏ ప్రయోగమును చూపలేదు. అయినను అది మఱియొకదానిని తాకియుండు రేణువు గాదు, క్షేత్రముయొక్క స్పందమని నేటి సిద్ధాంతము. ఆఱు దిక్కుల ప్రశ్న అచట పుట్టనే పుట్టదు.

ఇక క్వాంటం సిద్ధాంతమున కొలతను ముగించునది ద్రష్టయొక్క చైతన్యమే యని 1961లో విగ్నర్ చేసిన ప్రతిపాదనను విజ్ఞప్తికి సాక్ష్యముగా చూపువారు, ఆయనయే తరువాత దానిని విడిచెనని గమనింపరు.